మిగిలిన ముక్కలు పోగుచేసిన మనిషి

అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండ మన సంఘాల్లో చాలామంది చూసినవే. వాటిని తవ్వించి చరిత్రకు అందించినవారు మద్రాసు ప్రాంత పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ. ఈ వారం ఆయనను తలచుకుంటున్నాము.

1892లో ఆయన భట్టిప్రోలు చేరేసరికి స్తూపపు ఇటుకలు చాలావరకు రోడ్ల పనికి తరలిపోయాయి. మిగిలిన దిబ్బనే ఓపికగా తవ్వించారు. అక్షరాలు చెక్కిన మూడు ధాతుపేటికలు దొరికాయి. తెలుగు నేలమీద అతి ప్రాచీనమైన రాతల్లో అవి ఉన్నాయి. 1894లో దక్షిణాది బౌద్ధ కట్టడాలపై పుస్తకం వెలువరించారు. అటుపై ఆదిచ్చనల్లూరు సమాధులు, 1907-08 నాటికి మన శంకరం.

ఇక్కడ సముద్రగుప్తుని బంగారు నాణెం దొరికింది. దానితోపాటు కుండపెంకులను, మట్టి ముద్రలను, బండలో తొలిచిన చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలను కూడా ఆయన లెక్కలోకి తీసుకున్నారు. ఆ స్తూపాలను జనం లింగాలనుకోబట్టే ఆ కొండకు ఆ పేరు. ఆ విశ్వాసం మనది కాదు. అయినా అక్కడ మొక్కినవారు ఈ నేల మనుషులే.

మేము పరిచర్య చేసిన ఒక సంఘంలో మందిరానికి రంగులు వేయించినప్పుడు, చెదపట్టిందని పాత బాప్తిస్మపు పుస్తకాన్ని పారవేశాము. అందులోని పేర్లు ఇక ఎక్కడా లేవు. ఐదు రొట్టెలు పంచిన తరువాత మిగిలిన ముక్కలను సైతం పోగుచేయించిన ప్రభువును ప్రకటించేవారమే ఆ పని చేశాము.

ప్రియులారా, ఈ ఆదివారం మీ మందిరపు బీరువా ఒకసారి తెరవండి. మీ తాతముత్తాతల పేర్లు అక్కడ ఉండవచ్చు.