పీఠము లేని ఆచార్యుడు

ఎం.ఏ. పట్టము చేతికి వచ్చినంతనే ఉద్యోగమునకు దరఖాస్తులు వ్రాయుట మన విద్యావంతులలో చిరకాలముగా నున్న యాచారము. వారిని మేము నిందింపము; సంసారము గడువవలయును గదా. కాని ఆ పట్టమును వేఱు విధముగ వినియోగించిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారిని పాఠకులకు జ్ఞప్తికి దెచ్చుట యుక్తమని తలంచుచున్నాము.

పంతులుగారు 1877లో కృష్ణా మండలమునందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి బాల్యముననే గతించెను. అక్కగారైన భండారు అచ్చమాంబగారి యండన నాగపురమున వీరి చదువు సాగెను. తమ్ముడు చదువుచుండగా అక్కగారును అక్షరములు నేర్చి, పిదప 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను రచించిరి. ఆమెకు మాత్ర మే విశ్వవిద్యాలయమును పట్ట మీయలేదు.

1902లో పంతులుగారు ఎం.ఏ. పరీక్షయందు కృతార్థులైరి. నాటికి తెలుగునేలపై విశ్వవిద్యాలయమే లేదు. హైదరాబాదున ఉస్మానియా 1918లోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లోను వెలసినవి. ఉన్న కళాశాలలలో చరిత్రాదులను ఆంగ్లముననే బోధించుచుండిరి. పంతులుగారు ఆచార్యపదవి నాశ్రయింపక, మునగాల సంస్థానమున దివానుగిరీ వహించి, దానివలన జీవనమును, మిగిలిన ప్రతి గడియవలన పాండిత్యమును సాధించిరి.

1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగున చదువ గోరువారు కలరా యని నాడు సందేహించినవారు పెక్కుమంది. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' మొదలగు గ్రంథములను ప్రకటించి మండలి యా సందేహమును దీర్చెను. పంతులుగారు స్వయముగ శివాజీ చరిత్రమును వ్రాసిరి. శాసనములను పరిశీలించి, పుక్కిటి కథలను చరిత్రమునుండి వేఱుచేసిరి. విశ్వవిద్యాలయమున పరిశోధకులు చేయవలసిన పని యిదియే.

తరువాత 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'ను తలకెత్తుకొనిరి. ఇతర దేశములలో పండిత పరిషత్తులు చేయు కార్యమది. ఇచ్చట నొక్కరు సంపాదకులును, వ్యాసకర్తయు, అచ్చు దిద్దువారును కావలసివచ్చెను. మూడు సంపుటములు తొలి యక్షరములను దాటకయే నిలిచిపోయినవి. 1923 జూలై 12వ తేదీన పంతులుగారు చెన్నపట్టణమున పరమపదించిరి. అప్పటికి వారికి నలువదియాఱేండ్లే.

ఈ త్యాగమును కొనియాడువారితో మేమును గొంతు కలిపెదము గాని, దీనిని ఆదర్శమని మాత్రము చెప్పజాలము. జీతమును, గ్రంథాలయమును, శిష్యబృందమును ఒక విద్యాపీఠము వారికి సమకూర్చియుండినచో, ఆ మహాకార్య మొక్కని ప్రాణముతో ముడిపడియుండెడిది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల చేపట్టుటకు పెక్కేండ్లు పట్టినది.

శిష్యులు లేకపోలేదు. సర్వస్వమునకై పంతులుగారి యొద్ద పనిచేసిన మల్లంపల్లి సోమశేఖర శర్మగారు పట్టభద్రులు కారు. తరువాతి కాలమున వారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చరిత్రమును బోధించిరి.