హాల్డేన్ పండితుడు - పరిణామవాదము

మానవుడు ఎట్లు పుట్టెనను ప్రశ్నకు పాఠశాలలో ఏ ప్రమాణమునుబట్టి సమాధానము చెప్పవలెను? పురాణమును బట్టియా, పరిశోధనను బట్టియా? ఈ వివాదమున చిక్కిన ఉపాధ్యాయునకు దారి చూపగల జీవితము జె. బి. ఎస్. హాల్డేన్ పండితునిది.

ఆయన 1892 నవంబరు 5వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ప్రసిద్ధ శరీరధర్మశాస్త్రవేత్త. తండ్రి ప్రయోగశాలయే కుమారునకు తొలి పాఠశాల. విశ్వవిద్యాలయమున ఆయన గణితమును, ప్రాచీన భాషలను అభ్యసించెనే గాని విజ్ఞానశాస్త్రమున పట్టము పొందలేదు. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడై గాయపడి, విశ్రాంతికై భారతదేశమునకు వచ్చెను. ఈ దేశముపై ఆయనకు మక్కువ కలిగినది అప్పుడే.

డార్విన్ 1859లో ప్రకటించిన ప్రకృతివరణ సిద్ధాంతమునకు గణితపు బలము చాలకుండెను. 1924 నుండి హాల్డేన్ వ్రాసిన వ్యాసములు ఆ లోటును చాలవరకు తీర్చెను. మాంచెస్టరు ప్రాంతమున కర్మాగారముల పొగచే చెట్ల మ్రాకులు నల్లబడెను. అచట 1848లో అరుదుగానుండిన ఒకజాతి నల్లని రెక్కల పురుగులు అర్ధశతాబ్దములోనే తెల్లవానిని మించిపోయెను. ఇట్లు జరుగుటకు తెల్లదాని సంతానము రెండు నిలిచినచోట నల్లదాని సంతానము మూడు నిలిచియుండవలెనని ఆయన లెక్కగట్టి చూపెను.

ఆయన ఈ లెక్కలలో మునిగియున్న కాలముననే, 1925లో, అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రమున జాన్ స్కోప్స్ అను ఉపాధ్యాయుడు న్యాయస్థానమున నిలువవలసివచ్చెను. మానవుడు అధమజీవులనుండి పుట్టెనని బోధించుట అచట నేరము. ఆయనకు 100 డాలర్ల జరిమానా పడెను. ఆ తీర్పు 1927లో సాంకేతిక కారణముచే రద్దయినను, శాసనము 1967 వరకు నిలిచియుండెను. బ్రిటనులో అట్టి శాసనము లేదు గాని, పరిణామవాదమును ఖండించువారు కలరు. హాల్డేన్ వారిని పరిహసించి ఊరకుండలేదు. డగ్లస్ డ్యూయర్, మెర్సన్ డేవీస్ అనువారితో ఆయన జరిపిన వాదప్రతివాదములు 1949లో ఒకే గ్రంథముగా వెలువడెను. ఇరుపక్షముల మాటలును చదువరి ముందుండెను.

1957లో హాల్డేన్ కలకత్తా చేరి, మహలనోబిస్ స్థాపించిన భారత గణాంకశాస్త్ర సంస్థలో ప్రవేశించెను, 1961లో భారతపౌరుడయ్యెను. జుబ్బా, ధోవతి ధరించి, శాకాహారియై జీవించెను. జీవశాస్త్ర పరిశోధనకు వెలగల పరికరములకంటె నిశితమైన చూపు ముఖ్యమని శిష్యులకు బోధించెను. తెలుగువాడైన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు లాంటానా పొదలపై ఏ రంగు పూవును ఏ సీతాకోకచిలుక ఎన్నుకొనునో లెక్కించి, ఒక మొక్కజాతి రెండుగా చీలుటకు అది కారణము కాగలదేమోయని విచారించెను.

మనుష్యునకును మృగమునకును బంధుత్వము కలదను భావము భారతీయులకు క్రొత్తది కాదని హాల్డేన్ గ్రహించెను. మత్స్యకూర్మాది అవతారక్రమమునకును, పరిణామక్రమమునకును గల పోలికను గూడ గుర్తించెను. అయినను పోలికను నిదర్శనముగా ఎన్నడును గైకొనలేదు. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున కాన్సరు వ్యాధితో కన్నుమూసెను. ఆయన కోరినట్లే దేహమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించిరి.

ఆయన పాటించిన ఆ భేదము నేటికిని స్మరణీయము. 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత విజ్ఞాన మహాసభలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి, డార్విన్ సిద్ధాంతముకంటె దశావతారములే మేలైన వివరణమని ప్రసంగించుట వివాదమునకు దారితీసెను. 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి తన పదవ తరగతి పాఠ్యపుస్తకమునుండి పరిణామపాఠమును తొలగించినట్లు తెలియగా, 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు బహిరంగలేఖపై సంతకములు చేసిరి. పదవ తరగతి పిమ్మట జీవశాస్త్రమును విడిచిపెట్టు విద్యార్థికి ఆ పాఠము మరల ఎదురుపడదనుటయే వారి ఆవేదన.

పురాణమునకు సాహిత్యమున గౌరవస్థానము కలదు. శాస్త్రపాఠమునకు నిదర్శనమే ఆధారము. మరిపెడ బడిలోని విద్యార్థి పొలిమేర పొదలపై వ్రాలు సీతాకోకచిలుకలను ఓపికతో లెక్కించినచో, హాల్డేన్ పండితుని శిష్యకోటిలో తానును ఒకడగును.