తిలకాష్ఠ మహిషబంధనం

తెలుగునాట తెనాలి రామకృష్ణుని పేరు విననివారు అరుదు. ఆయన 16వ శతాబ్దికి చెందిన కవి. తండ్రి రామయ్య, తల్లి లక్ష్మమ్మ. మొదట రామలింగడనే పేరుతో ‘ఉద్భటారాధ్య చరిత్ర’ను రచించాడనీ, తరువాత వైష్ణవంపై మక్కువతో రామకృష్ణుడై ‘పాండురంగ మాహాత్మ్యం’ వ్రాశాడనీ ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పండరిపుర క్షేత్ర మహిమను వర్ణించిన ఈ కావ్యాన్ని విరూరి వేదాద్రి మంత్రికి అంకితమిచ్చాడు. అందులోని నిగమశర్మ కథ ఒక్కటి చాలు, ఆయన ఎంతటి ప్రౌఢకవియో తెలుసుకోవడానికి. అయినా ప్రజలు ఆయనను హాస్యకవిగానే గుర్తుంచుకున్నారు. వికటకవి అన్న ఆయన బిరుదు సైతం ఎటునుండి చదివినా ఒకేలా ఉండే చమత్కారం.

రామకృష్ణుడు శ్రీకృష్ణదేవరాయల (1509–1529) ఆస్థానంలో ఉన్నాడా, లేడా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. జనశ్రుతికి మాత్రం ఆ సందేహం లేదు. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందనే అర్థం గల సమస్యను ఇస్తే, మహావీరులైన పాండవులు విరటుని కొలువులో సేవకులై తలవంచిన సందర్భానికి దానిని అన్వయించి రామకృష్ణుడు పూరించాడని చెబుతారు. అక్కడ మాటల పైఅర్థాన్ని విడిచి లోతుకు వెళ్ళినవాడే గెలిచాడు. మరొక కథలో లోతుకు వెళ్ళినవాడే ఓడిపోయాడు.

ఒకనాడు దిగ్విజయ యాత్రలో ఉన్న ఒక మహాపండితుడు రాయల సభకు వచ్చి వాదానికి పిలిచాడట. ఆనాడు వాదంలో ఓడినవారు ప్రత్యర్థికి జయపత్రిక వ్రాసి ఇవ్వవలసి వచ్చేది. ఆస్థానం పరువు చిక్కులో పడింది. మరునాడు రామకృష్ణుడు పట్టుబట్ట చుట్టిన ఒక పెద్ద కట్టను సభకు తెప్పించి, తిలకాష్ఠ మహిషబంధనంపై వాదిద్దామన్నాడు. పండితుడు తాను చదివిన వేదాలను, శాస్త్రాలను మనస్సులో తిరగవేశాడు. ఆ గ్రంథం ఎక్కడా కనిపించలేదు. ఒక్క రాత్రి గడువు కోరి, తెల్లవారకముందే ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

పట్టుబట్ట విప్పి చూస్తే గేదెను కట్టే పలుపుతో బిగించిన నువ్వుకట్టెల మోపు బయటపడింది. తిలలు నువ్వులు, కాష్ఠం కట్టె, మహిషం గేదె, బంధనం తాడు. అమరకోశం వల్లించే బాలునికైనా తెలిసిన పదాలివి. పండితునికి అవి తెలియక కాదు. రాజసభ, పట్టుబట్ట, ఎదుట రామకృష్ణుడు. ఇన్ని చూశాక పేరు వెనుక ఒక గహనమైన శాస్త్రం ఉండి తీరుతుందని ఆయన నిశ్చయించుకున్నాడు. పదాలను విడదీసి చూసుకోవాలన్న తలంపే రాలేదు. కట్ట విప్పి చూపమని అడగడానికి గౌరవం అడ్డువచ్చింది. ఆ గ్రంథం తాను చదవలేదని ఒప్పుకొన్నా మోసం అక్కడే తేలిపోయేది.

నిజానికి ఆయనను మూర్ఖుడనలేము. తాను చదవని గ్రంథం ఒకటి ఉండవచ్చునని నమ్మిన పండితుడాయన. చదువు రానివాడైతే మూటలో ఏముందని వెంటనే అడిగి ఉండేవాడు. విన్నవారు శతాబ్దాలుగా నవ్వుతూనే ఉన్నారు. చీకటిలో బయలుదేరిన ఆ పండితుడు ఏ ఊరు చేరాడో మాత్రం కథ చెప్పదు.