బూర్గుల వారిని ఏమవుతావని అడిగి ఉంటే



పెద్దయ్యాక ఏమవుతావని ఇంగ్లీష్ పీరియడ్‌లో అడిగితే, తొమ్మిదో తరగతి పిల్లలు ఐ వాంట్ టు బికమ్ ఎ డాక్టర్ అని చెప్పి ఆగిపోతారు. ఎందుకని అడిగితే ముఖముఖాలు చూసుకుంటారు. తక్కువైంది ఇంగ్లీష్ అని మీరు అనుకోవచ్చు. మాకలా అనిపించదు. ఈ నెల మన పక్క ఊరి పెద్దాయన జీవితం చెబుతున్నది అందుకే.

షాద్‌నగర్ దగ్గరి బూర్గుల ఊరి పేరే ఇంటిపేరైన రామకృష్ణారావు గారు 1899లో పుట్టారు. హైదరాబాద్‌లో స్కూలు, పుణే ఫెర్గూసన్ కాలేజీలో డిగ్రీ, ఆపైన బొంబాయి యూనివర్సిటీలో లా. పదిహేనేళ్ళప్పుడు ఆయన్ని ఏమవుతావని అడిగి ఉంటే ముఖ్యమంత్రినని చెప్పే వీలే లేదు. నిజాం రాజ్యంలో ప్రజలు ఎన్నుకునే ముఖ్యమంత్రి అనే కొలువే అప్పటికి లేదు!

హైదరాబాద్‌లో వకీలుగా మొదలుపెట్టారు. కోర్టు భాష ఉర్దూ. తెలుగు రైతు చెప్పుకున్న గోడును ఉర్దూలో జడ్జి ముందు పెట్టాలంటే ముందు ఓపిగ్గా వినాలి, కాగితాలు చదవాలి, వాదించాలి. తెలుగు, ఉర్దూ, ఫారసీ, సంస్కృతం, మరాఠీ, కన్నడం, ఇంగ్లీష్ ఆయనకు వచ్చు. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు ఆయన దగ్గరే జూనియర్.

1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1950లో రెవెన్యూ మంత్రిగా ఉండగా కౌలుదారీ చట్టం వచ్చింది. మన వైపు పాత భూమి కాగితాలు తిరగేసినవారికి 38-ఇ అంటే తెలిసే ఉంటుంది, అది ఆ చట్టంలోని సెక్షనే. 1952లో షాద్‌నగర్ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడు సెప్టెంబర్‌లో, మా ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయంటూ ముల్కీ ఉద్యమం లేచింది. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆయన పాలనలో అది చెరగని మచ్చ. ఉద్యోగం అన్న మాట ఈ నేలమీద ఎంత బరువైందో మన పిల్లలకు తెలియాలి.

1956లో హైదరాబాద్ రాష్ట్రంతోపాటే ఆ కుర్చీ కూడా పోయింది. తర్వాత కేరళకు, ఆపైన ఉత్తరప్రదేశ్‌కు గవర్నర్‌గా వెళ్ళారు. సౌందర్యలహరిని తెలుగులోకి తెచ్చిందీ ఆయనే. 1967లో కన్నుమూశారు.

ఇన్ని కొలువులు మారినా చేతిలోని పని పెద్దగా మారలేదు చూడండి: వినడం, చదవడం, ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడం. మీ పిల్లల్ని కూడా ఉద్యోగం పేరు కాకుండా, అందులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పని అడగండి. తెలుగులోనే అడగండి. ఫీజు కట్టేది ఇంగ్లీష్ కోసమే కదా అంటారేమో. తెలుగులో లేని ఆలోచన ఇంగ్లీష్‌లో ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈసారి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ఎవరినైనా దింపడానికి వెళ్తే పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. సామాను ఎక్కించేదెవరు, విమానాన్ని పరీక్షించేదెవరు, వీళ్ళలో ఎవరి పని నీకు నచ్చుతుంది అని దారిలో కబుర్లాడండి. జవాబు మీరు అందించకండి. ఆ కబుర్లనే క్లాసులో మేం ఇంగ్లీష్ వాక్యాలు చేయిస్తాం. మధ్యలో గ్రామర్ తప్పులు పట్టం, మీరూ పట్టకండి.

ఆ వాక్యాల్లో ఎక్కడైనా మీ అమ్మాయి డాక్టర్ వద్దంటే, మాకు ఫోన్ చేసేముందు ఎందుకో తననే అడగండి.