గుట్ట ఎక్కిన ట్రాము

సిరీస్ మోటారు పాఠం వచ్చినప్పుడల్లా నాకు ఫ్రాంక్ స్ప్రేగ్ గుర్తొస్తాడు. 1857లో అమెరికాలో పుట్టి, నౌకాదళం వదిలి ఎడిసన్ దగ్గర చేరి, 1884లో అక్కడా మానేశాడు. రిచ్‌మండ్ నగరంలో 40 ట్రాములు నడుపుతానని సంతకం పెట్టేశాడు. తీరా చూస్తే అక్కడ నూరడుగులకు 10 అడుగులు లేచే గుట్ట!

1887లో ఓ రాత్రి ట్రాము గుట్ట ఎక్కింది గానీ, మోటారు దెబ్బతింది. పనిముట్లు తెప్పిస్తున్నానని జనానికి చెప్పి, వాళ్లు వెళ్లాక కంచరగాడిదలతో లాగించాడు. ఆ అబద్ధాన్ని నేనైతే తప్పుపట్టను. తర్వాత మోటారుకీ ఇరుసుకీ మధ్య పళ్లచక్రాలు మరో జత చేర్చాడు. వేగం తగ్గి చక్రానికి టార్కు పెరిగింది. 1888 ఫిబ్రవరిలో ట్రాములు నడిచాయి, కాంట్రాక్టులో మాత్రం నష్టమే.

1934లో పోయాడు. మోటారు ఒక కొస ఇరుసు మీద, రెండోది స్ప్రింగు మీద ఆనించడం ఆయన పద్ధతే. మన గూడ్సు ఇంజన్లలో చాలావాటి కింద మోటారు ఇప్పటికీ ఇరుసునే పట్టుకు వేలాడుతోంది.