రేలంగి వెంకట్రామయ్య: పద్నాలుగేళ్ల నిరీక్షణ

అటు మద్రాసు నుంచి ఇటు బస్తర్ అంచున ఉన్న మద్దేడ్ వరకు, పాత తెలుగు చిత్రాల ప్రస్తావన వచ్చిన చోట తప్పక వినిపించే పేరు రేలంగి. నవ్వుకు మారుపేరైన ఈ నటుడు, ప్రేక్షకులు తనను గుర్తించడానికి మాత్రం పద్నాలుగేళ్లు వేచి ఉండవలసి వచ్చింది.

రేలంగి వెంకట్రామయ్య 1910లో తూర్పు గోదావరి ప్రాంతంలో జన్మించారు. తండ్రి రామస్వామి సంగీతం, హరికథ తెలిసినవారు. కాకినాడ నాటకరంగంలో స్త్రీ పాత్రలు ధరిస్తూ వచ్చిన రేలంగిని దర్శకుడు సి. పుల్లయ్య చలనచిత్రాలకు పరిచయం చేశారు. 1935లో విడుదలైన 'శ్రీకృష్ణ తులాభారం' ఆయన తొలి చిత్రం. ఆ తరువాత రాముని వనవాసమంత కాలం గడిచింది. చిన్నచిన్న వేషాలు దొరికేవి. అవి లేని రోజులలో పుల్లయ్య వద్ద సహాయకునిగా చిత్ర నిర్మాణానికి సంబంధించిన ఏ పని అప్పగించినా చేసేవారు. అప్పటికి నటునిగా ఆయనకు పేరు రాలేదు.

1949లో కె. వి. రెడ్డి తీసిన 'గుణసుందరి కథ' ఆ స్థితిని మార్చింది. విశేషమేమంటే, ఆనాటి అగ్రశ్రేణి హాస్యనటుడు కస్తూరి శివరావు ఆ చిత్రంలో కథానాయకుడు. రాజుగారి పెద్దల్లుళ్లలో ఒకరిగా నటించిన రేలంగి ఆయన సరసనే తన స్థానాన్ని సంపాదించుకున్నారు.

'పాతాళభైరవి'లో రాణిగారి తమ్మునిగా, 'మిస్సమ్మ'లో దేవయ్యగా మెప్పించిన ఆయన ప్రతిభకు పరాకాష్ఠ మాత్రం ఇద్దరు పౌరాణిక పిరికివాళ్లు. 'మాయాబజార్' లక్ష్మణకుమారుడు పెళ్లిపీటల మీద మాయాశశిరేఖను చూసి గడగడలాడతాడు. 'నర్తనశాల' ఉత్తరకుమారుడు అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేన కనబడగానే బెంబేలెత్తుతాడు. 1963లో ఆ చిత్రం వచ్చేనాటికి రేలంగికి యాభై మూడేళ్లు. అయినా ఆ రాకుమారుని వయసు గురించి ప్రేక్షకునికి సందేహం కలగదు. ఇద్దరి పిరికితనం ఒకటి కాదు. లక్ష్మణకుమారునిది గారాబంగా పెరిగిన అహంకారం, ఉత్తరునిది లోకం తెలియని అమాయకత్వం. రెండవవానిని చూసి నవ్వుతూనే జాలిపడతాము. ఈ తేడాను మాటల కంటే ఎక్కువగా కళ్లతో, నడకతో చూపించారాయన.

గిరిజతోను, రమణారెడ్డితోను ఆయన జంట ఆ దశాబ్దపు చిత్రాలకు పెద్ద ఆకర్షణ. 1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. అనారోగ్యం బాధించిన చివరి రోజులను తాడేపల్లిగూడెంలో గడిపిన రేలంగి, 1975 నవంబరు 27న అక్కడే కన్నుమూశారు. ఆయన ఆ ఊరిలో కట్టించిన సినిమాహాలు పేరు రేలంగి చిత్రమందిర్.