అడిగే చెయ్యి, ఇచ్చే చెయ్యి

మా గోవాడలో పక్కింటి పిన్నిగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. బియ్యం ఏరించి, చీరలు మడత పెట్టించి ఆ చేతికి మళ్లీ పని నేర్పింది ఓ ఆక్యుపేషనల్ థెరపిస్టు అమ్మాయి. మన పల్లెటూరి ఆడవాళ్లకి ఏ పద్ధతి ఎక్కువ పనికొస్తుందో పరిశోధన చెయ్యాలని ఉందిట. గ్రాంటు ఇచ్చేవాళ్లే లేరుట! వినగానే నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొచ్చారు.

ఆవిడ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఆ బంధం నిలవలేదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. తర్వాత మన వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీకి చదువుకోడానికొస్తే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. తోటి అమ్మాయిల్ని కూడగట్టి తనే హాస్టల్ పెట్టేశారు! మద్రాసులో లా కూడా చదివారు. 1937లో అక్కడే ఆంధ్ర మహిళా సభ పెట్టారు. పోలియో వచ్చిన పిల్లలకి ఆ సభ వైద్యం కూడా చేయించింది.

సంస్థ నడిపిన మనిషి కదా, డబ్బుకి ఎంత కటకటో తెలుసు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలై, స్వచ్ఛంద సంస్థలకి ప్రభుత్వ గ్రాంట్లు అందే దారి వేశారు. సామాజిక పరిశోధనకి ఢిల్లీలో ఓ సంస్థనీ స్థాపించారు. 1981లో కన్నుమూశారు.

మొన్న పిన్నిగారు కుడిచేత్తోనే నాకు కాఫీ ఇచ్చారు. ఆ చెయ్యి ఎలా కోలుకుందో నలుగురికీ ఉపయోగపడేలా రాసిపెట్టడానికి ఆ అమ్మాయికి ఎవరో ఒకరు సాయం చెయ్యొద్దూ?